కాగితంలో లేని వాగు

ప్రభుత్వ రికార్డుల్లో మా డాబా పేరు ‘ఏ-5’. ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా దాన్ని ఉత్త డాబా అనుకుని వడియాలు పెట్టుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ బతికేశాం.

మా ఊరు పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట నల్లరేగడి మధ్యలో ఉంటుంది. ఊరికి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. నేను పక్క ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన వ్యవసాయం చేస్తారు. మా అత్తగారు మాతోనే ఉంటారు. నిజానికి ఆవిడతో మేముంటాం అని రాయాలి. ఊరికి తూర్పున రోడ్డు వారగా ప్రభుత్వానికి పెద్ద బంజరు ఉంది. అందులో పారిశ్రామికవాడ కడతారని రెండేళ్లుగా చెప్పుకునేవారు. ఎవరు ఎత్తినా ఆ మాట చివరికి రాజధాని కడతామన్న తుళ్లూరు దగ్గర తేలేది. తుళ్లూరులో ధరలు పెరిగినట్టే మనకీ పెరుగుతాయని కొందరు, తుళ్లూరు వాళ్లలాగే మనమూ ఏళ్లతరబడి రోడ్డు వైపు చూస్తూ కూర్చోవాలని కొందరు. మా ఆయన మొదటి జట్టు. బంజరు పక్కన మాకు రెండెకరాల మిరప చేను ఉండటమే అందుకు కారణమని నేనంటే మాత్రం ఒప్పుకోరు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఒకాయన ఆటోలో ఇనప డబ్బా వేసుకుని మా గుమ్మం ముందు దిగారు. నలభై దాటిన మనిషి. చీరాల వైపు నేత కుటుంబం. మగ్గం మీద బతుకు సాగక డిప్లొమా చదివి, పర్యావరణ నివేదికలు తయారుచేసే కంపెనీలో చేరారట.

“గాలి కొలవాలి మేడమ్. పరిశ్రమలు రాకముందు ఇక్కడ గాలి ఎలా ఉందో కొలిచి రాయాలని చట్టం. మీ డాబాకి చుట్టూ అడ్డం ఏం లేదు, కరెంటూ ఉంది. వారానికి రెండు రోజులు, మూడు నెలలు. అంతే.”

నేను సరే అనేలోపే అత్తగారు వచ్చేశారు.

“గాలి కొలవడమేంటి నాయనా? గజాల్లోనా, తూకానికా?”

“తూకానికేనండి పెద్దమ్మగారూ. లోపల తెల్ల కాగితం పెడతాం. మిషన్ గాలి పీలుస్తుంది. కాగితం మీద పడ్డ దుమ్ముని తూస్తాం.”

“పడ్డ దుమ్ముని తుడుస్తారు గానీ, తూస్తారా ఎక్కడన్నా?” అన్నారావిడ. అయినా పైకి మెట్లు చూపించారు. మనిషి మర్యాదగా మాట్లాడాడు, పైగా భోజనం వేళయింది.

ఆ మిషన్ రేకు టోపీ పెట్టుకున్న చిన్న బీరువాలా ఉంది. స్విచ్చి వేస్తే పిండిమర చప్పుడు. కింద టీవీ పెట్టుకున్నా వినపడదు. కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయేది. అప్పుడు ఇల్లంతా హాయిగా ఉండేది. మొదటిసారిగా మా ఇంట్లో కరెంటు పోవాలని కోరుకున్నాం.

ఇందులో అసలు చిక్కు మార్చి నెల. ఆ నెలలో మా ఊరి గాలి కొలవడమంటే పెళ్లింట్లో నిశ్శబ్దం కొలవడం లాంటిది. మా ఇంటికి ఎదురుగా రోడ్డవతల మిరప కళ్లం. కాయలు ఎండబోస్తారు, తిరగేస్తారు, తాలు ఏరతారు, టార్పాలిన్ పట్టాలు దులుపుతారు. కొత్తగా బస్సు దిగినవాళ్లు మలుపు దగ్గరే తుమ్ములు మొదలుపెడతారు. మాకేమో అలవాటు. మిరప లేని ఊరికి వెళ్తే గాలిలో ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

మర్నాడు ఆయన వచ్చి మూత తీశారు. తెల్లగా లోపలికెళ్లిన కాగితం ఇటుక రంగులో బయటికొచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

“మేడమ్, ఇది ఇలాగే రాస్తే, పరిశ్రమలు రాకముందే ఇక్కడ మనుషులు ఉండటానికి వీల్లేదని తేలుతుంది” అన్నారు. తర్వాత కాస్త మొహమాటంగా, “ఎదురు కళ్లం వాళ్లని వారానికి రెండు రోజులు ఆపమని చెప్పగలరా?” అనడిగారు.

దానికి అత్తగారే జవాబు చెప్పారు. “కాయలు ఎండబొయ్యడం ఆపితే నువ్వు కొలిచేది మా ఊరి గాలి ఎట్టా అవుతుంది నాయనా?”

ఆయన గోంగూర అన్నం తిని, డబ్బాలో కొత్త కాగితం పెట్టి వెళ్లిపోయారు.

మూడో వారమో నాలుగో వారమో, నేను స్కూల్లో ఉండగా ఎదురు కళ్లంలో పట్టాలన్నీ ఒకేసారి దులిపారు. సాయంత్రం నేను వచ్చేసరికి డాబా మీద మిషన్‌కి మా మామగారి పాత పంచె చుట్టి, నులక తాడుతో కట్టేసి ఉంది. లోపల చప్పుడు వస్తూనే ఉంది గానీ, నోటికి గుడ్డ కట్టిన మనిషి కేకల్లా ఉంది.

“ఇదేంటి అత్తయ్యా?”

“పాపం నోరు తెరుచుకుని ఆ ఘాటంతా మింగుతోందే అమ్మాయ్. మిషన్ అయితే మాత్రం?”

విప్పుదామని చెయ్యి పెట్టి మళ్లీ తీసేశాను. అప్పటికే ఆ రోజు కొలత పాడైందన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. చప్పుడు సగానికి సగం తగ్గిందన్నది అసలు కారణం.

మర్నాడు ఆయన పంచె విప్పి, కాగితం తీసి చూశారు. పెట్టింది పెట్టినట్టే తెల్లగా ఉంది. పంచె వైపు చూశారు, అత్తగారి వైపు చూశారు. ఆ కొలత పారేసి మళ్లీ పెట్టాలి. కానీ ఆయనకి ఇంకా నాలుగూళ్లు ఉన్నాయి, ఆటో బయట హారన్ కొడుతోంది. నిట్టూర్చి పుస్తకంలో ఏదో రాసుకున్నారు. నేను చూస్తూ ఊరుకున్నాను. ముందు రోజే ఎనిమిదో తరగతికి సత్యం పలకడం గురించి పాఠం చెప్పాను, పిల్లల చేత వల్లె వేయించాను కూడా. ఆ తర్వాత ఆ పంచె ఎన్నిసార్లు డాబా ఎక్కిందో అత్తగారు చెప్పలేదు, ఆయనా అడగలేదు. మూడు నెలలయ్యాక మిషన్ తీసుకుని వెళ్లిపోయారు.

ఏడాది దాటిపోయింది. మరుసటి సంవత్సరం జూలైలో పంచాయతీ సెక్రటరీ కబురు పెట్టింది. ఆ అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. అన్నింటికీ భయపడేది, కానీ పని మాత్రం ఎగ్గొట్టేది కాదు. టేబులు మీద రెండు పుస్తకాలు పెట్టింది. ఒకటి ఇంగ్లీషుది, తలగడంత లావుంది. ఇంకోటి తెలుగుది, పెళ్లి శుభలేఖ కంటే కొంచెం లావు.

“నెల రోజుల్లో పబ్లిక్ హియరింగ్ ఉంది మేడమ్. ఊరివాళ్లు అడిగితే చూపించాలని ఈ నివేదికలు పంపారు. ఇంగ్లీషుది నాకర్థం కాలేదు, సరే. తెలుగుదీ అర్థం కాలేదు. అందుకే భయంగా ఉంది. మీరు తెలుగు టీచరు కదా, ఒకసారి చూస్తారా?”

తెలుగు టీచరుతో అలా అనడమంటే నిప్పుకి గాలి విసరడమే. జిరాక్స్ తీయించుకుని ఇంటికి తెచ్చాను. వరండాలో కూర్చుని ఎర్ర పెన్ను తీశాను.

మొదటి పేజీలోనే ‘ప్రజా వినికిడి’ అని ఉంది. మా అందరి చెవులు పరీక్షిస్తారు కాబోలు అనుకున్నాను. రెండో పేజీలో ‘ప్రతిపాదిత మొక్కల నుండి వెలువడు పొగ’ అని ఉంది. మొక్కల నుంచి పొగేమిటా అని చాలాసేపు ఆలోచించాను. ఇంగ్లీషులో ప్లాంటు అని ఉంటుందని, ఫ్యాక్టరీ కాస్తా తెలుగులోకి వచ్చేసరికి మొలకెత్తిందని ఆనక తట్టింది. స్థలం చుట్టూ ‘పచ్చ బెల్టు కట్టబడును’ అట. పక్షుల జాబితాలో ‘కాకి, పిచ్చుక, కొంగ మరియు ఇతరులు’ అని ఉంది. ఆ ఇతరులెవరో తెలియలేదు.

పైకి చదువుతుంటే అత్తగారు వచ్చి కూర్చున్నారు. మా ఆయన చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ విన్నారు.

“ప్రభుత్వానికి మార్కులు వేస్తున్నావా?”

“ముప్పై అయిదు కూడా రావండి.”

“నువ్వు ఫెయిల్ చేసినా ఫ్యాక్టరీలు ఆగవులే. అడిగేది గవర్నమెంటు. విని రాసుకునేది గవర్నమెంటు. పర్మిషన్ ఇచ్చేది మళ్లీ గవర్నమెంటు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకోడానికి మధ్యలో మనల్ని కూచోబెట్టి మైకివ్వడం దేనికి?”

నేను పేజీ తిప్పాను. అక్కడ గాలి గురించి ఉంది. అయిదూళ్ల పేర్లు, వాటి పక్కన అంకెలు. ‘అధ్యయన ప్రాంతములో అత్యంత స్వచ్ఛమైన గాలి ఏ-5 వద్ద నమోదు అయినది’ అని రాశారు. ఏ-5 ఎక్కడా అని చూస్తే మా ఊరు, ‘నివాస గృహము పైకప్పు.’

నాకు నవ్వాగలేదు. మా ఆయన తుండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. “మనిల్లు శుభ్రంగా ఉంటుందని నేనెప్పుడూ చెప్తానుగా” అని లోపలికి వెళ్లారు.

ఆ నవ్వులోనే తర్వాతి పేజీలోకి వెళ్లాను. ‘ప్రాజెక్టు స్థలములో గానీ, ఆనుకొని గానీ, ఏ విధమైన నీటి వనరులు లేవు’ అని ఉంది. ‘వనరులు’ని ‘వనరు’ చేసి, ఒక కామా కొట్టేసి, కింది లైనుకి వెళ్లాను. రెండు లైన్లు దాటాక పెన్ను ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ చదివాను.

ఆ బంజరు మధ్యలోంచి వాగు పోతుంది. పెద్దదేం కాదు, దానికో పేరు కూడా లేదు, వాగు అంటాం. ఏడాదిలో తొమ్మిది నెలలు అందులో చుక్క నీరుండదు. మోటారు సైకిళ్లు, మేకలు అందులోంచే నడుస్తాయి. కానీ తుఫాను పట్టినప్పుడు పడమటి మెరక చేలలో కురిసిన నీరంతా దాంట్లోకే దిగి, మా చేను పక్కనుంచి వచ్చి, బంజరు దాటి కిందకి పోతుంది. నల్లరేగడిలో నీళ్లు రెండు రోజులు నిలిస్తే మిరప ఉరకెత్తుతుంది, వేరు కుళ్లి నిలబడ్డ మొక్క నిలబడ్డట్టే వాడిపోతుంది. ఆ వాగు మాకు నీళ్లిచ్చేది కాదు, నీళ్లు తీసుకుపోయేది. మా చేలకి దానివల్ల మేలు అదే.

“వాగు లేదని రాశారండి” అన్నాను.

“రాస్తే పోతుందా ఏంటి?”

“పోతుంది. లేని వాగు మీద మట్టి పోసి షెడ్డు కట్టుకోడానికి ఎవరు అడ్డం చెబుతారు?”

ఆయన తుండు భుజాన వేసుకుని తూర్పు వైపు చూశారు. రెండెకరాలు కళ్ల ముందుకొచ్చినట్టున్నాయి. “ఆ పుస్తకం ఇటివ్వు” అన్నారు.

పబ్లిక్ హియరింగ్ ఆగస్టు చివర్లో బంజరులోనే పెట్టారు. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. బంజరంతా సర్కారు తుమ్మ. షామియానా వెయ్యడానికి చదునుగా, ముళ్లు లేకుండా, మెత్తటి ఇసకతో ఉన్న చోటు ఒకటే కనపడింది టెంటు వాళ్లకి. అక్కడ వేశారు. ఉదయం పదింటికి మేం వెళ్లేసరికి అధికారులు, పోలీసులు, మూడొందల కుర్చీలు, బిస్కెట్ ప్యాకెట్లు, ఒక తెర. ఎండ వెలుగుకి తెర మీద ఏమీ కనపడటం లేదు. ప్రాజెక్టు తరఫు ఇంజనీరు ఆ కనపడని తెరకి కర్ర చూపిస్తూ అరగంట వివరించాడు. మంచివాడే. చెమట్లు కారిపోతున్నా కోటు విప్పలేదు.

తర్వాత మైకు జనానికిచ్చారు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి అధ్యక్షత. ఆవిడకి ఓపిక ఎక్కువ. అది అవసరమే అయింది. మొదట లేచినాయన పెన్షన్ రాలేదన్నాడు. రెండో ఆయన బస్సు కావాలన్నాడు. మూడో ఆయన వినుకొండలో కోల్డ్ స్టోరేజీ వాళ్లు తన బస్తాలు మార్చేశారని మొదలుపెట్టి ముగించలేకపోయాడు. ఉద్యోగాలు మా ఊరి పిల్లలకే ఇవ్వాలని చాలామంది అన్నారు, ఆ మాటకి చప్పట్లు పడ్డాయి. పర్యావరణం అనే మాట ఆ గంటలో ఎవరి నోటా రాలేదు.

నా వంతు వచ్చింది. నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పుకోవాలి. జిరాక్స్ కాగితాలు తీసి ‘మొక్కల పొగ’తో మొదలుపెట్టాను. జనం నవ్వారు. ‘పచ్చ బెల్టు’ అన్నాను, ఇంకా నవ్వారు. ‘ఇతరులు’ దగ్గరికి వచ్చేసరికి పోలీసులు కూడా నవ్వుతున్నారు. పాతికేళ్లుగా పాఠం చెబుతున్నా అంత శ్రద్ధగా నన్నెవరూ వినలేదు. ఆ ఉత్సాహంలో పడి సంధి దోషాల్లోకి కూడా దిగాను.

అధికారిణి మైకు దగ్గరికి తీసుకున్నారు. “భాష సంగతి గమనించాం మేడమ్. సరిచేయిస్తాం. ప్రాజెక్టు మీద మీ అభ్యంతరం ఏమన్నా ఉందా?”

ముందు వరుసలో మా ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. నేను నీటి వనరుల పేజీ తీశాను.

“ఉందండి. ఈ స్థలంలో నీటి వనరు లేదని రాశారు. ఇక్కడ వాగుంది.”

ఇంజనీరు లేచాడు. “మేం స్థలమంతా తిరిగి చూశాం మేడమ్. వాగేం కనపడలేదు.”

“ఏ నెలలో చూశారు?”

“ఏప్రిల్‌లో.”

“ఏప్రిల్‌లో మా పంచాయతీ కుళాయిలోనూ నీళ్లుండవు బాబూ!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

“పోనీ, ఆ వాగు ఎక్కడుందో చెప్పండి మేడమ్, నోట్ చేసుకుంటాం” అన్నాడతను, కాగితం తీసుకుంటూ.

“మీరు నిలబడ్డ చోటే అండి. షామియానా వేసింది వాగులోనే.”

అందరూ, అధికారిణితో సహా, తమ కాళ్ల కిందకి చూసుకున్నారు. ఇసక. అందులో నత్తగుల్లలు. అటూ ఇటూ నడుము ఎత్తున గట్లు. ఇంజనీరు బూటుతో ఇసక కొంచెం కదిపి చూశాడు. ఆ తర్వాత పుట్టిన నవ్వు ఇందాకటి నవ్వులకి నాలుగింతలుంది. పాపం అతనూ నవ్వేశాడు.

ఆ నవ్వు తగ్గకముందే మా అత్తగారు లేచారు. ఆవిడ మాట్లాడతారని మాకెవరికీ తెలీదు. మైకు తీసుకుని, “అమ్మా కలెక్టరుగారూ, మా డాబా మీద గాలి బాగుందని రాశారంట. బాగుండక ఏం చేస్తుంది? నేను పంచె కప్పాగా!” అన్నారు.

“ఏం కప్పారు?”

“మా ఆయన పంచె. ఆ మిషన్‌కి. మిరప ఘాటు తగలకుండా.”

అధికారిణి పెదాలు బిగపట్టుకుని పక్కనున్న గుమాస్తాతో, “రాయండి” అన్నారు. అతను పెన్ను పట్టుకుని, “పంచె అనే రాయమంటారా మేడమ్?” అనడిగాడు.

షామియానా చివర గుంజకి ఆనుకుని, గాలి కొలిచిన చీరాల ఆయన నిలబడి ఉన్నారు. ఆయన్ని నేను అప్పుడే చూశాను. ఆయన ఉద్యోగం పోయేలా చేశామేమో అనుకున్నాను. వెళ్లి పలకరించాను. ఆయన కోపంగా లేరు. నిజానికి తేలిగ్గా ఊపిరి తీసుకున్న మనిషిలా ఉన్నారు.

“చెబితే నేనే చెప్పాల్సిన మాట అది మేడమ్, పెద్దమ్మగారు చెప్పేశారు” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “వెళ్లిపోకండి. ఇక్కడ చెప్పినవన్నీ రాసి, జనానికి తెలుగులో చదివి వినిపించాకే సంతకం చెయ్యాలి. అది రూలు. ఎండలో ఎవరూ ఆగరు కాబట్టి చాలాచోట్ల చదివామనిపిస్తారు. మీరు అడగండి” అన్నారు.

అప్పటికే జనం లేచి బిస్కెట్ల దగ్గరికి వెళుతున్నారు. టెంటు వాళ్లు వెనక వరుసల కుర్చీలు మడుస్తున్నారు. నేను వెళ్లి, “చదివి వినిపించండి మేడమ్” అన్నాను. అధికారిణి గడియారం చూసుకున్నారు, నన్ను చూశారు, గుమాస్తాకి తల ఊపారు.

అతను చదివాడు. బస్సు వచ్చింది, పెన్షన్ వచ్చింది, కోల్డ్ స్టోరేజీ వచ్చింది, పంచె కూడా వచ్చింది. నా వంతులో ‘ఒక ఉపాధ్యాయురాలు గ్రామమునకు నీటి సౌకర్యము కల్పించవలసినదిగా కోరినారు’ అని ఉంది.

“నేను నీళ్లు అడగలేదండీ!” నా గొంతు నాకే తరగతిలోలా వినపడింది. “ఉన్న వాగుని లేదన్నారని చెప్పాను.”

“వాగన్నా నీళ్లేగా మేడమ్” అన్నాడతను.

“దిద్దండి” అన్నారు అధికారిణి. “ఆవిడ చెప్పినట్టే రాయండి.”

డిక్టేషన్ చెప్పాను. వాగు ఎక్కడ మొదలై ఎటు పోతుందో, ఏ నెలల్లో పారుతుందో, పూడిస్తే ఏ చేలల్లో నీళ్లు నిలుస్తాయో. ‘వాగు’లో వకి దీర్ఘం ఉంటుందని కూడా చెప్పాను. అక్కర్లేదు, అతను సరిగ్గానే రాస్తున్నాడు. మా ఆయన పక్కన నిలబడి గట్ల వెడల్పు అడుగుల్లో చెప్పారు. ధరలు పెరుగుతాయన్న మొదటి జట్టు మనిషి అంత చొరవగా అభ్యంతరం రాయించడం చూసి ఊరివాళ్లు ఆ వారమంతా ఆయన్ని ఆటపట్టించారు.

అనుమతి వచ్చింది. రాదని మాలో ఎవరూ అనుకోలేదు. ఏడెనిమిది నెలల తర్వాత పంచాయతీ నోటీసు బోర్డుకి ఒక ఇంగ్లీషు ఉత్తరం అంటించారు. అందులో షరతులు బోలెడు. సెక్రటరీ, నేను వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాం. రెండో పేజీ అడుగున ఉంది: స్థలంలోంచి పోయే సహజమైన వాగుని పూడ్చకూడదు, మళ్లించకూడదు, రెండు వైపులా ఖాళీ వదలాలి, రోడ్డు దాటే చోట వంతెన కట్టాలి. గాలి కూడా మళ్లీ కొలవాలన్నారు. ఈసారి మిషన్ పంచాయతీ ఆఫీసు మీద పెట్టారు. ఆ అవమానానికి అత్తగారు పది రోజులు పంచాయతీ వీధిలో నడవలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నమ్మలేదు. నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి ఫోటో తీసుకుని వచ్చారు. “ఒక జేబు మాట ఇంకో జేబు విందన్నమాట” అన్నారు.

అంత సంబరపడాల్సిన పని లేదని వేసవిలోనే తెలిసింది. కాంట్రాక్టరు లారీలు వచ్చి నేల చదును చేస్తూ వాగు నోట్లో మట్టి పోశాయి. ఫోటో పట్టుకుని ఇద్దరం వెళ్లాం. మేస్త్రీ మర్యాదగానే డ్రాయింగు విప్పి చూపించాడు. “ఇందులో వాగు లేదు మేడమ్. ఉంటే నేనెందుకు పూడుస్తాను?” అన్నాడు. నిజమే, ఉత్తరం ఒక ఆఫీసులో ఉంది, డ్రాయింగు ఇంకో ఆఫీసులో ఉంది, రెండిటికీ పరిచయం లేదు. అర్జీ పెట్టాం. రసీదు ఇచ్చారు. మళ్లీ పెట్టాం. మళ్లీ రసీదు.

చట్టం కంటే అల్పపీడనం ముందొచ్చింది. అక్టోబరులో మూడు రోజులు ఆగకుండా కురిసింది. పడమటి నీళ్లన్నీ మట్టికట్ట దాకా వచ్చి, దారి లేక వెనక్కి తిరిగి చేలల్లోకి ఎక్కాయి. మా రెండెకరాల్లో ముప్పాతిక భాగం, పైన ఇంకో అయిదుగురి చేలు. నీళ్లు తీశాక వారం రోజులు మిరప పచ్చగానే నిలబడింది. ఆ తర్వాత తలలు వాల్చింది. మా ఆయన రోజూ వెళ్లి చూసొచ్చేవారు. నేను హాస్యమాడటం మానేసిన రోజులవి.

అప్పుడు కదిలారు అధికారులు. ఉరకెత్తిన చేలతో వెళ్లి ఏడ్చినవాళ్లని మేం ఇంతకు ముందు చూశాం. సానుభూతి చెప్పి పంపేవారు. ఈసారి అయిదుగురు రైతులతో పాటు ఆ ఉత్తరం కాపీ కూడా వెళ్లింది. కలెక్టరేట్‌లో ఆ షరతు కింద గీత గీసి పెట్టాం. “ఇలా రాసుందా?” అని అక్కడివాళ్లే ఆశ్చర్యపోయారు. నాలుగు రోజుల్లో ఒక తనిఖీ అధికారి బురదలో ప్యాంటు మడుచుకుని వచ్చాడు, ఫోటోలు తీసుకున్నాడు. పది రోజుల్లో అదే కాంట్రాక్టరు అదే మట్టిని తవ్వి తీయించాడు. ఆ మిరపకి నష్టపరిహారం ఎవరిస్తారన్న చోట ఆ ఉత్తరం ఏమీ చెప్పలేదు. అది మాకు రాలేదు.

ఇప్పుడు అక్కడ పెద్ద గేటు, ఒక బోర్డు, రెండు షెడ్లు, ఒక వాచ్‌మన్ ఉన్నారు. తుళ్లూరు ధరలు రాలేదు. మా ఊరి ఆడవాళ్లు పది మంది దాకా ఒక షెడ్డులో ప్యాకింగ్ పనికి వెళుతున్నారు, ఏసీలో పని అని సంతోషంగా చెబుతారు. వాగు మీద చిన్న వంతెన కట్టారు. పోయిన వానాకాలం నీళ్లు దాని కిందనుంచే వెళ్లాయి, చేలల్లోకి రాలేదు. రెండు వైపులా వదలమన్నంత ఖాళీ మాత్రం వదల్లేదు. మా ఆయన అడుగులేసి కొలిచారు, సగం కంటే కొంచెం ఎక్కువుంది.

షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి పారిశ్రామికవాడ వాళ్లే రాసి వెబ్‌సైటులో పెట్టాలట. సెక్రటరీ వెతికి నాకు చూపించింది. వాగు షరతు ఎదురుగా ‘పాటించబడుచున్నది’ అని ఒక్క మాటే ఉంది. పూర్తిగా అబద్ధమనలేం, పూర్తిగా నిజమూ కాదు. మేం ఆరుగురు రైతుల చేత సంతకాలు పెట్టించి, ఎంత ఖాళీ వదలాలి, ఎంత వదిలారు, ఈ రెండు కొలతలూ రాసి పోయిన నెల పంపించాం. రసీదు వచ్చింది. జవాబు రాలేదు. మా ఆయన వారానికోసారి పంచాయతీ ఆఫీసుకెళ్లి అడిగి వస్తున్నారు.